లైనువారి పంపకాలు

సోమవారం, దుమ్ము నెల

ఈ దినచర్యలో గాలి సంగతులు మాత్రమే రాయాలని నియమం. సొంత గోడు రాయొద్దని పోయిన నెల కూడా పైనుంచి హెచ్చరిక వచ్చింది. సరే, రాస్తున్నాను. గాలి బాగానే ఉంది. మూడో పంపు కొంచెం దగ్గుతోంది, దానికా దగ్గు పుట్టుకతోనే ఉంది. నాచు తొట్లు పచ్చగా ఉన్నాయి. మన నెత్తిమీది చందువకి కొత్తగా చిరుగులేవీ పడలేదు.

గాలి సంగతి అయిపోయింది. ఇక మా ఇంటి సంగతి. ఇష్టం లేనివాళ్ళు నాచు దగ్గరే ఆగిపోవచ్చు.

మా మరిది జోగారావు వాటా అడిగాడు.

వాటా అంటే పొలంలో కాదు. ఈ ఎర్రనేల మీద పొలాలెవరికి ఏడ్చాయి? ఊరంతా కలిపి ఒక్క గుడారం కింద బతుకుతున్నాం. అతను అడిగింది మాటలో వాటా. మా ఇంటి మాట లైను.

మా తాతలు ఇక్కడికి ఓడలో వస్తూండగా యంత్రం జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోయిందట. పుస్తకాలు, నిఘంటువులు, సమస్తం దాని పొట్టలోనే ఉండేవి. తెలుగు మాటలకి ఏమీ కాలేదు, వాటిని అమ్మలూ అమ్మమ్మలూ చూసుకున్నారు. పాపం ఇంగ్లీషు మాటలే దిక్కులేనివైపోయాయి. లేచింది మొదలు అవే నోట్లో ఆడుతుండేవి, కానీ ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో, దానికి ఎన్ని అర్థాలో చెప్పే నాథుడు లేడు. అప్పుడు పెద్దలు ఇంటికో మాట చొప్పున పెంచుకోమని ఇచ్చారు. దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. ఏడాదికోసారి, అప్పగింతల రోజున, ఊరందరి ముందూ నిలబడి పుట్టుపూర్వోత్తరాలతో సహా అప్పజెప్పాలి. పోనుపోను అవే ఇంటిపేర్లయ్యాయి. మా వరసలో టైమువారు, కప్పువారు, బోర్డువారు ఉన్నారు. పక్క వీధి సెట్టువారికి తమ మాటకున్నన్ని అర్థాలు లోకంలో దేనికీ లేవని గీర. మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఏటా ఒకసారి ఆ గీర దించేవారు.

ఆయన పోయాక పోయిన ఏడు అప్పగింత మావారు పేర్రాజు చేశారు. ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. కానీ సంతాపసభలో చెప్పినట్టు చెప్పారు. పైగా "లైను వెయ్యడం" అనే అర్థాన్ని పూర్తిగా వదిలేశారు. మామగారు దాన్ని నటించి చూపించేవారు. ఎప్పుడో భూమ్మీద కుర్రాళ్ళు అమ్మాయి ఇంటి ముందు పదిసార్లు అటూ ఇటూ తిరుగుతూ, క్రాపు దువ్వుకుంటూ, లేని పని కల్పించుకునేవాళ్ళట. అది చూసి ఊరంతా పడీపడీ నవ్వేది. జోగారావు ఆ ఒక్క ముక్క తనని చెప్పనిమ్మన్నాడు. నువ్వు నవ్విస్తావు, మాట పరువు పోతుంది అన్నారు మావారు. ఆ మంట ఏడాది నుంచి రాజుకుంటూనే ఉంది. ఇవాళ భగ్గుమంది.

మాట పంచుకోవడం తప్పేమీ కాదు, ఇదివరకు కొన్ని ఇళ్ళలో జరిగింది. కానీ పంచుకున్న ముక్కలు ఒకే చందువ కింద ఉండకూడదని కట్టుబాటు. విత్తనాలన్నీ ఒకే గాదెలో పొయ్యం కదా, ఇదీ అంతే. ఒక చందువ చిరిగినా రెండో దాంట్లో సగం మాటైనా బతుకుతుంది. అవతలి చందువ సొరంగం బండి మీద ఒక పూట ప్రయాణం. వెళ్ళినవాళ్ళు పెళ్ళికో చావుకో తప్ప తిరిగి రారు.

జోగారావు వెళ్తే అతని భార్య హైమా వెళ్ళాలి. తోడికోడళ్ళు ఉప్పూ నిప్పూలా ఉంటారంటారు. హైమ మా ఇంట కాలుపెట్టినప్పుడు నేనూ అదే అనుకుని సిద్ధంగా ఉన్నాను. ఏం లాభం, మొదటి వారంలోనే దాని నవ్వుకి పడిపోయాను. అప్పట్నుంచీ ఒకే పొయ్యి, ఒకే కత్తిపీట. అది లేని వంటింట్లో నేనొక్కదాన్నే నిలబడి ఉండటం నా ఊహకి అందటం లేదు.

బుధవారం

గాలి బాగుంది. పంపు దగ్గుతోంది.

పంపకాలైపోయాయి. పెద్దమనిషిగా సెట్టువారి రాఘవమ్మగారు వచ్చారు. ఈ ఊళ్ళో ఆవిడ మాటకి తిరుగులేదు. నేల మీద సుద్దముక్కతో మధ్యకి ఒక గీత గీసి, అన్నదమ్ములిద్దరినీ చెరోపక్కా కూర్చోబెట్టారు. ఆవిడ ఇంకా నోరు విప్పకముందే తగువు మొదలు. ఆ గీత కూడా లైనే కదా, అది ఎవరి వాటాలోకి వస్తుందన్నాడు జోగారావు. గీసే గీత పెద్దవాడికి పోనిమ్మని ఆవిడ విసుక్కున్నారు.

మావారికి గీత, రైలు లైను, కరెంటు లైను, పోలీసులు కాపురముండే లైన్లు, పద్యంలో లైను, సూదితో నరంలోకి మందు ఎక్కించే లైను వచ్చాయి. జోగారావుకి జనం నిలబడే లైను, ఫోను లైను, గాలానికి కట్టే లైను, సినిమావాళ్ళు ఒక్క ముక్కలో చెప్పే కథ లైను, "ఏ లైన్లో ఉన్నావు" అని పనిని అడిగే లైను, మొండివాడు దారికొస్తే "లైన్లోకొచ్చాడు" అనే లైను, కోరి అడిగి పుచ్చుకున్న లైను వెయ్యడం వచ్చాయి. వినోదం ఏమిటంటే మాలో ఎవరం రైలుని చూడలేదు, సినిమా చూడలేదు, చేపని బొమ్మలో చూశాం. అయినా ఆ ఇద్దరూ చూడని రైలు కోసం కళ్ళెర్రజేసుకున్నారు. జాకెట్టు లోపల వేసే లైనింగు ఇద్దరూ తమదే అన్నారు. దానికైతే కనీసం వాడుక ఉంది కదా, ఆ జాకెట్లు తొడుక్కునేవాళ్ళం ఇక్కడే నిలబడ్డాం, మమ్మల్ని అడగరాదా అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. అదీ మావారికే వెళ్ళింది.

ఆఖరికి మూలం మిగిలింది. మాట పుట్టుక ఎవరి దగ్గరుంటే ఇంటిపేరు వాళ్ళది. జ్యేష్ఠభాగం కింద మావారికి ఇచ్చారు. జోగారావు మొహం మాడిపోయింది. రెండోవాళ్ళు అవతలి చందువకి వెళ్ళాలన్నది అప్పుడే ఖాయమైంది. అప్పగింతల మర్నాడు బండి.

హైమ నా పక్కనే నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మగవాళ్ళు రైలు పంచుకున్నారు, మమ్మల్ని కూడా పంచేశామని వాళ్ళకి తట్టలేదు.

శనివారం

గాలికేం, రాయిలా ఉంది.

వేరు కాపురాలు మొదలయ్యాయి. అప్పగింతల దాకా వాళ్ళకి ఎదురు వరసలో, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా పై అంతస్తులో గది ఇచ్చారు. మధ్యలో గాలి తిరిగే సందు. వేరుపడ్డ ఇళ్ళవాళ్ళు అప్పగింత అయ్యేదాకా ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. వాటాల దగ్గర మళ్ళీ కొట్టుకుంటారని ఎవరో పెద్దలు పెట్టిన నియమం. కిటికీలోంచి చూసుకోవచ్చు. హైమ అక్కణ్ణుంచి గరిట ఊపింది. నేను ఇక్కణ్ణుంచి అట్లకాడ ఊపాను.

ఇంకో కట్టుబాటు ఉంది. వాటాలు పడ్డాక ఎదుటివాడి ముక్కని నోటపట్టకూడదు, పక్కవాడి చేలో కాలుపెట్టనట్టే. ఇది మాత్రం చూసి తీరాలి. మావారు కరెంటు మరమ్మతులు చేస్తారు, జోగారావు ఫోన్ల గదిలో ఉంటాడు. పొద్దున్న లేస్తే ఒకళ్ళతో ఒకళ్ళకి పని. ఇవాళ మావారు ఫోన్లో "లైన్లో ఉండు" అనాల్సి వచ్చి, నాలుక కరుచుకుని, చాలాసేపు ఆలోచించి, "ఎక్కడివాడివి అక్కడే ఉండు, నేను కూడా ఎక్కడివాణ్ణి అక్కడే ఉంటాను" అన్నారు. అవతల జోగారావు కరెంటు లైను కాలిపోయిందని చెప్పలేక "అన్నయ్యా, నీ వాటాలోది ఒకటి మాడి వాసనొస్తోంది" అన్నాడు.

ఒకందుకు మంచిదే అయింది. ఇద్దరూ తెలుగు వెతుక్కుంటున్నారు. గీత, వరస, తీగ, తాడు, పాదం, బంతి. మన భాషలో దేని గిన్నె దానిదే. ఇంగ్లీషువాళ్ళు అన్నిటినీ ఒకే కుండలో పోసి వండేశారు. ఆ కుండని రెండు ముక్కలు చేసి వీళ్ళిద్దరూ చెరో పెంకూ పట్టుకుని తిరుగుతున్నారు.

మంగళవారం

గాలి బాగుంది. పంపు దగ్గు తగ్గింది, దాని సంగతి కాస్త అనుమానంగానే ఉంది. రేపు విప్పి చూస్తాను.

నిన్న నాకు అన్నం సయించలేదు. ఇంతకాలం హైమ చేతి గోంగూరతో తిన్నదాన్ని, నా చేతి గోంగూర నాకే గడ్డిలా ఉంది. కిటికీలోంచి ఆ మాట అరిచి చెప్పాను. వీధంతా వింది. కాసేపటికి హైమ గుడారం పాత తాడొకటి తెచ్చి, కొసకి గుడ్డమూట కట్టి ఇవతలికి విసిరింది. నాలుగుసార్లు సందులో పడింది, కింద నడిచే కప్పువారి ముసలాయన నెత్తిమీద ఒకసారి. అయిదోసారి నా చేతికందింది. తాడుని మా కిటికీ కమ్మీ చుట్టూ తిప్పి మళ్ళీ అటు విసిరాను. రెండు కొసలూ ముడేసి, ఒక బుట్ట వేలాడదీశాం. లాగితే బుట్ట నడిచి వస్తుంది. గడప ఎవరమూ తొక్కలేదు.

మొదటి బుట్టలో గోంగూర వచ్చింది. నేను మజ్జిగపులుసు పంపాను. రాత్రి భోజనం దగ్గర మావారు గోంగూర రెండుసార్లు కలుపుకున్నారు. బాగా చేశావు తాయారూ అన్నారు. ఆయనకి తెలియదనుకున్నారా? ఇరవై ఏళ్ళుగా తింటున్న చెయ్యి. తెలిసీ తెలియనట్టు తిన్నారు. నేనూ చెప్పలేదు.

ఆదివారం

గాలి సుభిక్షం. పంపుని విప్పి తుడిచి బిగించాక మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. నా మనసు కుదుటపడింది.

బుట్టకి పేరొచ్చింది. మా అమ్మాయీ హైమ కూతురూ బడినుంచి రాగానే కిటికీ దగ్గరికి పరిగెడుతూ "ఇవాళ లైన్లో ఏమొచ్చింది" అంటున్నారు. ఎవరు నేర్పారో తెలియదు. పిల్లలకి వాటాల నియమం లేదు కాబట్టి నోటికొచ్చినట్టు అన్నారు. రెండ్రోజుల్లో సందు రెండువైపులా తాళ్ళు లేచాయి. బోర్డువారు టైమువారికి పుట్టగొడుగుల వేపుడు లైన్లో పంపారు. ఇప్పుడు ఊళ్ళో "వాళ్ళకీ వీళ్ళకీ లైనుంది" అంటే సఖ్యత అని అర్థం. "మా ఇంటికి లైను కట్టవా" అంటే స్నేహం చెయ్యమని. కప్పువారి అత్తాకోడళ్ళు పోట్లాడుకుని కోడలు పుట్టింటి గదికి వెళ్ళిపోతే, అత్తగారు మూడోనాడు లైన్లో పూర్ణాలు పంపింది. కోడలు బుట్టతో పాటే తిరిగొచ్చింది.

నేనూ హైమా కిటికీల్లోంచి చూసి నవ్వుకుంటున్నాం. నవ్వేటప్పుడు గుర్తుండదు. నవ్వాక గుర్తొస్తుంది, ఈ తాడు విప్పెయ్యాల్సిన రోజు దగ్గరపడుతోందని.

గురువారం

గాలి బాగుంది. నేను బాగాలేను.

అవతలి చందువ బండిలో హైమావాళ్ళకి సీట్లు రాశారు. అది మూటలు కడుతోంది. కత్తిపీట పట్టుకెళ్ళమని నేను బుట్టలో పెట్టి పంపాను. తిప్పి పంపేసింది. మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. ఆ కత్తిపీట అలా గాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక కిటికీ వేసేసి కూర్చుని ఏడ్చాను. దాచుకోవడమెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. మావారు వచ్చి ఏమైందన్నారు. ఏమైందో ఆయనకి తెలుసు.

సాయంత్రం బోర్డువారి కొత్తకోడలు లైను కట్టడం నేర్చుకుందామని వచ్చింది. ముడి ఎలా వెయ్యాలో చూపిస్తుంటే, మాటవరసకి అడిగింది. అప్పగింతల రోజున ఈ లైను గురించి ఎవరు చెప్తారండీ, పెద్దబావగారా, చిన్నబావగారా అని.

నా చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. పంపకాలప్పుడు ఈ లైను లేదు. ఇది ఎవరి వాటాలోనూ పడలేదు.

ఆ పిల్లని పంపేసి రాఘవమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ నాచు ఆరబెట్టుకుంటున్నారు. కొత్తగా పుట్టిన అర్థం ఎవరిదవుతుందని అడిగాను. ఆవిడ నాచు వదిలేసి నావైపు తిరిగారు.

"ఎవరు కంటే వాళ్ళదే. అప్పగింతలో నిలబడి చెప్పాలి, ఊరు ఔననాలి. కలిసి కన్నవాళ్ళు కలిసే ఉండాలి, పసిమాటని పంచకూడదు. అదీ కట్టుబాటు."

నా గుండె గంతేసింది. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"సంబరపడకు. నిలబడి చెప్పావంటే మాత్రం నువ్వు పేర్రాజు ఇంటి మనిషివి కావు. నీదొక ఇల్లు. ఆయన నీ ఇంటికి రావాలంటే తన వాటా గడప దగ్గర నీకు అప్పజెప్పి రావాలి, ఇల్లరికం అల్లుడిలా. మూలం చేతిలో ఉన్న పెద్దకొడుకు. వస్తాడా?"

రాకపోతే అన్నాను. రాకపోతే రాడు అన్నారావిడ, మళ్ళీ నాచు తిరగేస్తూ.

శుక్రవారం

గాలి చూశాను. ఉంది.

పొద్దున్న నీళ్ళ కొళాయి దగ్గర హైమకి అంతా చెప్పాను. కొళాయి దగ్గర ఎవరి గడపా ఉండదు. అది బిందె నిండి పొర్లుతున్నా కదల్లేదు. ఆయన పంతం మనిషక్కా, బండెక్కి వెళ్ళిపోతే అంది. వెళ్ళిపోతే నువ్వు నా దగ్గరుంటావు అన్నాను. అనేశాక నాకే అది వినసొంపుగా లేదు. తోడికోడల్ని ఉంచుకోవడానికి దాని కాపురం కూలుస్తానా? వద్దులేవే, ఏదో అన్నాను, మర్చిపో అన్నాను.

హైమ బిందె తిప్పి సగం ఒంపేసింది.

"వాళ్ళు పంచుకునేటప్పుడు మనల్ని అడగలేదక్కా. అడిగుంటే ఏం చెప్పేదాన్నో అదే రేపు చెప్తాను. ఆ తర్వాత ఆయనిష్టం. ఆయనకీ కాళ్ళున్నాయి కదా, ఎటు నడుస్తారో చూద్దాం."

నాకంటే పదేళ్ళు చిన్నది. ధైర్యంలో నా మేనత్తలా ఉంది.

శనివారం, అప్పగింతలు

గాలి బాగుంది. జనం ఎక్కువై కాస్త ఉక్కగా ఉంది, ఫ్యాన్లు పెంచాను.

సెట్టువారు మొదలుపెట్టి చాలాసేపు చెప్పారు. ఎప్పటిలాగే సెట్టు దోసెల దగ్గర జనానికి నోరూరింది. తర్వాత మా మాట వచ్చింది.

మావారు లేచారు. మూలం చెప్పారు. లాటిను అనే పాతభాషలో అవిసె మొక్కని లీనుం అనేవారు. ఆ నారతో పేనిన దారం లీనియా. వడ్రంగులూ తాపీవాళ్ళూ దారం బిగించి పట్టుకుని తిన్నగా గుర్తు పెట్టుకునేవారు, అలా దారం కాస్తా గీత అయింది. గీతలాంటి వరస, గీతలాంటి తీగ, గీతలాంటి దారి, అన్నీ దాని పిల్లలే. ఆ నారబట్టని కోటు లోపల వేసి కుట్టారు కాబట్టి లైనింగు. ఈసారి ఆయన గొంతు ఎందుకో మెత్తగా ఉంది. తన వాటా అయిపోయాక కూడా ఇంకా ఏదో చెప్పాల్సింది ఉన్నట్టు కాసేపు నిలబడి, కూర్చున్నారు.

జోగారావు లేచాడు. లైను వెయ్యడం నటించి చూపించాడు. అచ్చం మామగారే. లేని దువ్వెనతో దువ్వుకుంటూ నడుస్తుంటే ముసలివాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వీ నవ్వీనూ. నేను మావారి వైపు చూశాను. ఆయన పెదవి బిగించి నవ్వాపుకుంటున్నారు. కానీ జోగారావు అన్నగారి వైపు ఒక్కసారి కూడా చూడకుండా ముగించి వెళ్ళి దూరంగా కూర్చున్నాడు.

లైను అయిపోయిందా అని రాఘవమ్మగారు అడిగారు. అడగాల్సినదాని కంటే కాస్త గట్టిగానే అడిగారు.

అవలేదండీ అని హైమ లేచింది. నేనూ లేచాను. దాని చెయ్యి పట్టుకున్నాను. ముక్క తర్వాత ముక్క వంతులేసుకుని చెప్పాం. తాడు గురించి, బుట్ట గురించి, కప్పువారి ముసలాయన నెత్తి గురించి. వేరుపడ్డవాళ్ళ మధ్య కట్టే దాన్ని లైనంటారని, గడప తొక్కలేనప్పుడు కూర పంపే దాన్ని లైనంటారని, అది ఈ ఊళ్ళో, మా రెండు కిటికీల మధ్య పుట్టిందని చెప్పాం. పసిమాట, దీన్ని పంచకూడదు, కాబట్టి ఇవాళ్టి నుంచి మేమిద్దరం ఒక ఇల్లు అన్నాను.

ఔనా అని రాఘవమ్మగారు ఊరిని అడిగారు. ఔనని మొదట అరిచింది కప్పువారి ముసలాయన. తర్వాత అందరూ. సెట్టువారి కుర్రాడొకడు మాత్రం ఇది ఇక్కడే ఉంటే అవతలి చందువకి సగం ఎలా అని న్యాయం మాట్లాడాడు. రోజూ వాడుతున్న మాటకి గాదె ఎందుకురా, నిన్న బండివాడు రెండు బుట్టలూ తాడూ అప్పుడే అటు పట్టుకెళ్ళాడు అన్నారావిడ.

మాకు పుట్టగొడుగుల గది పక్క ఖాళీ గది ఇచ్చారు. మావారు లేచి నేరుగా ఇంటికి వెళ్ళిపోయారు. జోగారావూ అంతే. పిల్లలిద్దరూ మాతోనే వచ్చి గది నచ్చిందన్నారు. నేనూ హైమా పొయ్యి వెలిగించి అన్నం వండాం. చెరో ముద్దా తిని, తిన్నామనిపించి లేచాం. అది మూటలవైపు చూస్తూ కూర్చుంది. రేపు పొద్దున్నే బండి.

ఆదివారం

పొద్దున్న గంట కొట్టారు, బండి కదలబోయే ముందు కొట్టేది. హైమ మొహం పాలిపోయింది. తలుపు తీసి వెళ్ళి చూడమన్నాను. చూడలేనంది. నేనే వెళ్ళి తీశాను.

గడప అవతల మావారు నిలబడి ఉన్నారు. చంకలో పరుపుచుట్ట. ఎంతసేపయిందో వచ్చి, తలుపు కొట్టినట్టు లేరు. నన్ను చూసి గొంతు సవరించుకున్నారు.

"ఇంట్లో మాటుంది తాయారూ. మాట్లాడే మనిషే లేదు."

ఆయన గీతతో మొదలుపెట్టి, రైలు, కరెంటు, పోలీసులు, పద్యం, మందు, లైనింగు, ఒక్కొక్కటే గడప దగ్గర నాకు అప్పజెప్పారు. చివరికి అవిసె మొక్క కూడా ఇచ్చేశారు. ఇంటిపేరు చేతిలోంచి జారిపోతున్న మనిషి మొహం అంత తేలికపడటం నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడే సందు మలుపులో జోగారావు కనబడ్డాడు. అతని చంకలోనూ పరుపుచుట్టే. అన్నగారిని చూసి టక్కున ఆగాడు. అన్నగారు ఇతన్ని చూశారు. ఇద్దరూ దొంగతనంగా వచ్చి ఒకే చోట దొరికిపోయారు. బండి వెళ్ళిపోయినట్టుంది, సొరంగం వైపు చప్పుడు సన్నగిల్లింది.

హైమ లోపల్నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. ఇంటి యజమానురాలు కదా, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎవరు కావాలండీ అంది.

జోగారావు జేబులోంచి లేని దువ్వెన తీశాడు. క్రాపు దువ్వుకున్నాడు. గడప ముందు అటొకసారి, ఇటొకసారి తిరిగాడు.

"ఏం లేదండీ. ఇటు చిన్న పనుండి వచ్చాను."

ముందు నవ్వింది మావారు. పరుపుచుట్ట కింద పడేసి, గోడకి ఆనుకుని, ఏడాదిగా ఆపుకున్నదంతా నవ్వారు. నవ్వు ఆగాక తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు సభలో అది నువ్వే చెయ్యరా, నాకెలాగూ రాదు అన్నారు. జోగారావు తల వంచుకుని ఊఁ అన్నాడు. తర్వాత తన వాటా లెక్కగా ఒప్పజెప్పాడు. హైమ ఒక్కొక్కటే పుచ్చుకుంది. పుచ్చుకుంటూ ఏడ్చింది, ఏడుస్తూనే ఇద్దరికీ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది.

గాలి చూడటానికి ఈ పూట ఆలస్యంగా వెళ్ళాను. పైనుంచి సంజాయిషీ అడిగారు, కారణం ఇందులోనే రాయమన్నారు.

కారణం: ఇంటికి అల్లుళ్ళొచ్చారు.